ఆ ఏటి మేటి ఆట, మా వదిన మొదటి బతుకమ్మ

డిసెంబరు వచ్చిందంటే మా దోస్తుల ఫోన్ గ్రూపుకి ఒక జబ్బు పట్టుకుంటుంది. "ఈ ఏడాది నీకు బాగా నచ్చిన వీడియో గేములేవి?" అని ఎవడో ఒకడు రాస్తాడు. ఇక చూడండి. మీసాలొచ్చిన మగాళ్ళు, పెళ్ళయి పిల్లల్ని బడికి దింపి వచ్చేవాళ్ళు కూడా, చేతిలో పనంతా పక్కన పడేసి ర్యాంకులు వేస్తూ కూర్చుంటారు. తుపాకుల ఆటలో బొమ్మలు బాగున్నాయట గానీ కథ లేదట. కార్ల ఆటలో కథ ఉందట గానీ బ్రేకులు సరిగ్గా పడవట. వీళ్ళు తీర్పు చెప్పకపోతే ఆ ఆటలు చేసినవాళ్ళకి రాత్రి నిద్ర పట్టదన్నంత పెద్దరికం.

నేను మాత్రం నోరు మెదపను. అలాగని నాకు ఆటలు తెలియవనుకోకండి. ఒకప్పుడు ఆ గ్రూపులో అందరికన్నా పెద్ద వాగుడుకాయను నేనే. కానీ కొన్నేళ్ళ కిందట నేను నంబర్ వన్ ర్యాంకు ఇచ్చిన ఆట ఫోన్లోంచి దిగి మా ఇంట్లోకి వచ్చింది. వచ్చి, మా అమ్మ నమ్మకాన్ని, మా వదిన పరువుని, మా వీధి ఆడవాళ్ళ పండగని ఒకే సాయంత్రం అతలాకుతలం చేసింది. ఆ ఆటని ఇంట్లోకి తెచ్చిన మహానుభావుడిని నేనే కాబట్టి, చెప్పే బాధ్యత కూడా నాదే. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా మానుకోటలో మా వీధివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం మొదలు కాలేదు. ఈ రెంటికీ మధ్య ఖాళీ ఉంటుంది చూశారూ, అందులో నేను, నా ఫోను కాపురం పెట్టాం. ఎవరైనా అడిగితే "ఎగ్జామ్స్‌కి ప్రిపేరవుతున్న" అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు కూడా బొటనవేలు తెర మీదే ఉండేది.

ఆ ఏడాది నాకు నచ్చిన ఆటలు మూడు. పేర్లు చెప్పను. చెబితే మీరూ దింపుకుంటారు, ఆ పాపం నాకెందుకు?

మూడో ర్యాంకు ఆటలో బస్సు నడపాలి. కొండదారులు, వానలు, మేకల మందలు, అన్నీ ఉండేవి. నెల రోజులు ఆడేసరికి లోకంలో ఉన్న డ్రైవర్లందరూ నాకు చేతకానివాళ్ళలా కనిపించడం మొదలైంది. ఏదో పని మీద జనగామ పోయి తిరిగి వస్తుంటే, బస్టాండులో మా బస్సు డ్రైవరు వెనక్కి తీస్తున్నాడు. నేను ముందు సీట్లోంచి లేచి, "అన్నా, స్టీరింగ్ జర లెఫ్ట్‌కి కొయ్యి, మంచిగ వస్తది" అన్నాను. ఆయన బస్సు ఆపి, తల తిప్పి, నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు.

"నువ్వేం నడుపుతవ్ తమ్మీ?"

"బస్సే అన్నా... ఫోన్ల."

"అయితే గా ఫోన్లనే కూసొని మానుకోట పో. దిగు."

నిజంగా దింపేశాడు. తర్వాతి బస్సు దాకా ఎండలో నిలబడ్డాను. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఆగిపోయేవాడు. నాకు మాత్రం ఆ డ్రైవరుకి అసూయ అనిపించింది.

రెండో ర్యాంకు ఆట వంటది. దాని ధైర్యంతో మా అమ్మ పచ్చిపులుసు కలుపుతుంటే పక్కన చేరి, "ముందు ఉల్లిగడ్డ వేస్తే పాయింట్లు పోతయమ్మా" అన్నాను. అమ్మ గరిటె తీసి, నాకు ఎక్కడ పాయింట్లు పడాలో అక్కడ వేసింది.

ఇక మొదటి ర్యాంకు ఆట. పేర్చే ఆట అది. పైనుంచి రంగురంగుల చక్రాలు ఊగుతూ వస్తాయి. సరైన క్షణంలో వేలు తాకిస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. గోపురం ఎంత ఎత్తు లేస్తే అన్ని పాయింట్లు. చుట్టూ ఏమీ ఉండదు. నేల, గోపురం, పైన ఆకాశం. ఇంత పనికిమాలిన ఆటని నేను "ఏకాగ్రత పెంచే సాధనం" అని గ్రూపులో పొగిడాను. నాతో సమానంగా ఆడేవాడు ఒక్కడే, మా వెనకింటి యాకూబ్. వాళ్ళ నాన్నకి బజారులో కుట్టు మిషన్ల దుకాణం ఉంది. అక్కడ కూర్చోమంటే వీడు మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. ఇద్దరం భుజాలు ఆనించుకుని గోపురాలు లేపేవాళ్ళం. ఆ ఎత్తుని చూసి మమ్మల్ని మేమే మెచ్చుకునేవాళ్ళం, ఎందుకంటే ఇంకెవరూ మెచ్చుకునేవారు కాదు.

సరే, ఇప్పుడు మా వదిన సంగతి చెప్పాలి.

మా అన్న భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేస్తాడు. ఆ ఏడు వేసవిలో పెళ్ళయింది. వదినది కృష్ణా జిల్లా. మాటలో ప్రతి చివరా "అండి" ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో పాలవాడిని "పాలు పోయండి" అనేసరికి అతను వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. అన్నకి అక్కడ క్వార్టరు దొరికేదాకా ఆమె మా దగ్గరే ఉంది. మా వీధి ఆడవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కానీ కొత్త కోడలు, పైగా వేరే యాస. ఏళ్ళ తరబడి సినిమాల్లో మన మాటని ఆ దిక్కువాళ్ళు ఎక్కిరించారుగా, ఆ బాకీ మొత్తం మా వదిన దగ్గరే వసూలు చేసేవాళ్ళు. "వచ్చారండి, పోయారండి" అని ఆమె వెనకాల అనుకుంటూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది. లోపలికి వచ్చాక మాత్రం కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. మా దిక్కు కొత్త కోడలు మొదటి బతుకమ్మకి పుట్టింటికి పోతుంది. వదిన పుట్టింట్లో బతుకమ్మే లేదు, ఎక్కడికి పోతుంది? అందుకని ఇక్కడే ఉండిపోయింది. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకి కోడలి చేత పెద్ద బతుకమ్మని ఎత్తించి వీధిలోకి తీసుకుపోవాలని మా అమ్మ మొదటి నుంచీ ముచ్చటపడుతోంది. సరిగ్గా వారం ముందు అమ్మ పెరట్లో జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. దవాఖానలో తెల్లటి పిండికట్టు వేసి పంపారు.

ఏటా మా ఇంటి బతుకమ్మ పేర్చేది అమ్మే. ఇప్పుడు ఆ చెయ్యి మెడకి వేలాడుతోంది.

"నాకు పేర్చడం రాదండి అత్తయ్యా. వంకరగా వస్తే అందరూ నవ్వుతారేమో" అంది వదిన. "మొదటిసారి అందరి ముందుకూ పట్టుకెళ్ళేది."

అమ్మ ఏదో ధైర్యం చెప్పబోతోంది. అప్పుడు నేను ఫోను జేబులో పెట్టి లేచి నిలబడ్డాను. ఫోను జేబులో పెట్టానంటేనే మీకు అర్థం కావాలి, ఎంత పెద్ద ఉపద్రవం రాబోతోందో.

"వదినె, నువ్వు పరేషాన్ గాకు. పేర్చుడు నాకు ఇడిసిపెట్టు. ఈ మానుకోటల నా అంత పేర్చెటోడు లేడు."

"నువ్వెప్పుడు పేర్చినవ్ రా?" అంది అమ్మ.

"రోజు పేరుస్తున్న అమ్మా. ఫోన్ల."

మగపిల్లలు బతుకమ్మ పేర్చడం మా దగ్గర వింత కాదు. పూలు తెచ్చేది, సాయం పట్టేది వాళ్ళే. కాబట్టి అమ్మ కాదనలేకపోయింది. కానీ ఆమె ముఖంలో పచ్చిపులుసు నాటి అనుమానం కనబడింది.

"మీకు నిజంగా వచ్చాండి?" అంది వదిన.

"చూస్కో వదినె. నీ బతుకమ్మ సూసి రేపు వీధంతా నోరెళ్ళబెట్టాలె."

ఈ ఒక్కమాట మాత్రం అక్షరాలా నిజమైంది.

సద్దుల ముందురోజు నేనూ యాకూబూ బండి వేసుకుని బయ్యారం దిక్కు పోయాం. గుట్టల కింద తంగేడు విరగబూసి ఉంది. చేల గట్ల మీద గునుగు. మామూలుగా ఒక సంచి తెచ్చుకుంటే ఒక ఇంటికి సరిపోతుంది. మేము బండి కనిపించకుండా సంచులు కట్టుకుని వచ్చాం. దారిలో యాకూబ్ వెనక కూర్చుని పూలమూటల మధ్య నుంచి అరుస్తున్నాడు. "అరే నరేష్, ఎన్ని లెవెల్స్ పెడదాం?"

"ఎన్ని వీలైతె అన్ని!"

ఇంటి ముందు బండి ఆపేసరికి ఎదురింటి కమలమ్మత్త గేటు దగ్గరే ఉంది. ఈవిడ మాకు చుట్టం కాదు, పెద్దరికం వల్ల అందరికీ అత్త. ఏటా వీధిలో ఎత్తైన బతుకమ్మ ఈమెదే. వీధిలో ఎవరి యాసనైనా అచ్చు గుద్దినట్టు చేసి చూపించేదీ ఈమే.

"గిన్ని పూలేంది కొడకా? దుకాణం పెడుతున్నవా?"

"లేదత్తా, మా వదిన బతుకమ్మకి. ఈసారి నీది జర పక్కకి పెట్టుకో. మాది వస్తే కనబడది."

ఎవరైనా బుద్ధున్నవాడు అనే మాటేనా అది? అందులోనూ మా వదిన పేరు మీద! కమలమ్మత్త ముక్కు మీద వేలేసుకుంది. ఆ మాట ఆమె గేటు దాటి, మిగతా గేట్లన్నీ దాటి, చీకటి పడకముందే వీధి చివరి దాకా చేరింది. కొత్త కోడలు అందరినీ మించిన బతుకమ్మ తెస్తుందట అని. పాపం వదిన లోపల గునుగు పూలకి రంగులద్దుతోంది. ఆమెకి ఏమీ తెలియదు.

సద్దుల రోజు వచ్చింది. అందరూ బతుకమ్మని అరుగు మీదో వాకిట్లోనో పేరుస్తారు. ఎందుకు పేరుస్తారో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కమలమ్మత్త తొంగిచూసి మా ఎత్తు తెలుసుకుని తనది ఇంకాస్త లేపుతుందని నా భయం. అందుకని పూలన్నీ లోపలి గదిలోకి మోయించాను. తలుపు వేసి గడియ పెట్టాను. మాది పాత పెంకుటిల్లు. ఆ గది దర్వాజ పొట్టిది. బాపు, అంటే మా నాన్న, ఏళ్ళ తరబడి అందులోకి తల వంచుకునే పోతున్నాడు. నేనూ అంతే, పుట్టి బుద్ధెరిగాక ఆ దర్వాజకి ఎన్నిసార్లు నుదురు కొట్టుకున్నానో లెక్కలేదు. అయినా నా తలకి ఆ రోజు అది గుర్తుకు రాలేదు.

పెద్ద ఇత్తడి తాంబాళం పెట్టి, గుమ్మడాకులు పరిచి, మొదటి వరస తంగేడు పేర్చాం. నడుమ ఖాళీలో ఆకులు, కాడలు కూరాం. నిజం చెప్పాలి, బాగానే వచ్చింది. చేతివేళ్ళకి పసుపురంగు పట్టుకుంది. తంగేడు మీద ఎర్ర గునుగు, దాని మీద బంతి, మళ్ళీ నీలం గునుగు, మళ్ళీ చామంతి. ప్రతి వరసకీ యాకూబ్ అరిచేవాడు.

"ఔర్ ఏక్ లెవెల్!"

నడుము దాటింది. ఛాతీ దాటింది. నేను పీట ఎక్కాను. పీట మీంచి స్టూలెక్కాను.

"చాలేమో కదరా?" అన్నాను ఒకసారి. మీకు చెప్పుకోవడం మంచిది, నాలో కూడా ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు.

"ఇప్పుడు ఆపుతవా? టాప్ స్కోర్ దగ్గర?" అన్నాడు యాకూబ్. ఆ మనిషి మళ్ళీ కనబడలేదు.

మధ్యలో మంచినీళ్ళకని బయటికి వస్తే, వదిన వంటింటి మూల కూర్చుని, అన్నం తినే స్టీలు పళ్ళెంలో మా దగ్గర మిగిలిన పూలతో ఏదో చేస్తోంది. పెద్ద బతుకమ్మకి తోడుగా ఒక చిన్న బతుకమ్మ ఉండాలని మా ఆచారం. అమ్మ ఎదురుగా కూర్చుని నోటితో చెబుతోంది, వదిన చేత్తో పేరుస్తోంది. ఒక పక్కకి కొంచెం వాలింది. వరసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

"ఇదేంది వదినె, ఇడ్లీ లెక్క ఉన్నది!" అని పడీ పడీ నవ్వాను.

వదిన ముఖం ఎర్రబడింది. కొంగు చివరతో పళ్ళాన్ని కప్పేసింది. "ఏదో తోడుకేగా అండి" అంది.

"నోర్మూసుకొని నీ పని జూసుకో" అంది అమ్మ. నేను నా గోపురం దగ్గరికి పోయాను, చాలా గొప్పగా.

పొద్దు వాలుతుండగా పని పూర్తయింది. గడియ తీసి అమ్మని, వదినని పిలిచాను. ఇద్దరూ తలలు వంచి దర్వాజ దాటి లోపలికి వచ్చారు. ఒక్కసారి గమనించండి, తలలు వంచి వచ్చారు. వచ్చి, తలలు ఎత్తి, అలాగే నిలబడిపోయారు. నా అంత ఎత్తు బతుకమ్మ. గది మొత్తం పసుపు వెలుగు. చామంతి వాసన.

"అయ్యో, ఎంత బాగుందండీ!" అంది వదిన. రెండు చేతులూ జోడించింది. అప్పటిదాకా ఉన్న భయమంతా ఆ కళ్ళలోంచి దిగిపోవడం నేను చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించేది ఆ క్షణమే.

అమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "నా కొడుకు దేనికీ పనికిరాడనుకున్న" అంది. ఆ అనుకోవడం మానేసినట్టు మాత్రం ఆమె చెప్పలేదు. అయినా నాకు రొమ్ము ఉబ్బింది.

అమ్మ స్టూలెక్కి, ఎడమచేత్తో పైన గుమ్మడి పువ్వు పెట్టి, అందులో పసుపు గౌరమ్మని నిలిపింది. కుంకుమ పెట్టింది. అగరుబత్తి వెలిగించి దండం పెట్టింది. గౌరమ్మ కూర్చున్నాక అవి ఇక పూలు కావు, అమ్మవారు. నీళ్ళలో సాగనంపేదాకా చెదరకూడదు.

"ఇగ ఎత్తుండ్రి. పొద్దు పోతున్నది" అంది.

నేనొక వైపు, యాకూబ్ ఒక వైపు, బాపు వెనకాల. తాంబాళం కింద గోనెపట్టా వేసి మెల్లగా దర్వాజ దాకా జరిపాం. ఎదురుగా గడప. పసుపు రాసిన ఎత్తైన గడప. దాన్ని దాటించాలంటే తాంబాళాన్ని పైకి లేపాలి. నేను కళ్ళెత్తాను. పైన, దర్వాజకి అడ్డంగా ఉన్న కమ్మి. గడప మీదికి లేపకముందే అమ్మవారు కమ్మి కన్నా మూరెడు ఎత్తున ఉంది.

అందరికన్నా ముందు యాకూబే అన్నాడు.

"అరే... గేమ్‌ల దర్వాజ ఉండదు గదరా."

"కొంచెం వంచితే?" అన్నాను. వంచాం. నడిమి వరస నుంచి బంతిపూలు జలజల రాలాయి. అమ్మ పెట్టిన కేకకి మళ్ళీ నిలబెట్టి, కాస్త పక్కకి జరిపేశాం.

"తలుపు ఊడబీకుదామా?"

"తలుపు తెరిచే ఉన్నది గదరా గాడిది!" అన్నాడు బాపు. "అడ్డమొస్తున్నది దర్వాజ. గోడ కూలగొట్టుమంటవా? మా తాత కట్టిన గోడ, నీ ఫోను కోసం కూలగొట్టుమంటవా?"

"పైన పెంకులు తీసి, తాడు కట్టి..." అని యాకూబ్ మొదలుపెట్టాడు. బాపు వాడి వైపు చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

"పై వరసలు తీసేద్దాం అమ్మా, బయటికి తెచ్చి మళ్ళ పెడదాం."

"గౌరమ్మని కూసోబెట్టినంక తీస్తరారా? గడపల నిలబెట్టి అమ్మోరిని నరుకుతవా?" అమ్మకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "అందరు వాకిట్ల ఎందుకు పేరుస్తరు రా? వాళ్ళకు ఇండ్లు లేకనా?"

ఈ ప్రశ్న నాకు నేనే పొద్దున్నే వేసుకుని ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇంతలో బయట నుంచి పిలుపులు మొదలయ్యాయి. వీధిలో ఆడవాళ్ళందరూ బతుకమ్మలు పట్టుకుని మా ఇంటి ముందే ఆగారు. ఎందుకు ఆగారంటారా? నేను చేసిన చాటింపు అలాంటిది. అన్నిటికన్నా పైన కమలమ్మత్త గొంతు.

"ఏమే కొత్త పిల్లా! అందరం వచ్చినం. మీదేదో మస్తు పెద్దదటగద, తెండ్రి, మేం గూడ సూస్తం!"

"నేను ఎప్పుడన్నానండి అలాగ?" అంది వదిన నా వైపు తిరిగి. నేను నేల చూశాను. ఆమెకి అర్థమైంది. "నా పేరు మీద చెప్పారా మీరు?"

కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆమె భయపడింది వంకర బతుకమ్మకి. నేను తెచ్చిపెట్టింది అసలు బతుకమ్మే లేకుండా వీధి ముందు నిలబడే గతి. పైగా గొప్పలు చెప్పుకుందన్న పేరు. బాపు గోడని చూస్తున్నాడు. అమ్మ నన్ను చూస్తోంది. నేను, ఏం దాచాలి, అలవాటు కొద్దీ చేత్తో జేబులో ఫోన్ని తడుముకున్నాను.

వదిన కళ్ళు తుడుచుకుంది. వంటింట్లోకి పోయి, కొంగు కప్పిన స్టీలు పళ్ళెం తెచ్చింది. "అత్తయ్యా, ఇంకో గౌరమ్మని చేసుకోవచ్చాండి? నేను ఇది పట్టుకెళ్తాను."

"చేసుకోవచ్చు బిడ్డా" అంది అమ్మ. "చిన్నది పెద్దదని అమ్మోరు జూడది."

చిటికెడు పసుపు తడిపి వదినే ముద్ద చేసింది. నేను ఇడ్లీ అన్న దాని మీద పెట్టింది. పళ్ళెం రెండు చేతులతో ఎత్తుకుని, తల వంచి, అంత సులువుగా ఆ దర్వాజ దాటి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

కమలమ్మత్త పళ్ళెం వైపు చూసింది, వదిన వైపు చూసింది.

"గింతేనా?"

"ఇంతేనండి అత్తా" అంది వదిన. "ఇది నేనే పేర్చాను. మొదటిసారి. కొంచెం వంకరొచ్చింది. పెద్దది మా మరిది పేర్చాడండి. అది లోపలి గదిలో ఉంది, దర్వాజ పట్టక బయటికి రానంటోంది."

ఎవరూ నవ్వలేదు. కమలమ్మత్త వదిన మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత తన బతుకమ్మని పక్కావిడ చేతికిచ్చి, చెయ్యి చాచి, వదిన పళ్ళెంలో జారిపోతున్న ఒక గునుగు పువ్వుని లోపలికి నెట్టింది.

"మొదటిసారి నాది ఇంతకంటె వంకరొచ్చింది. నడిమిట్ల పెట్టు, జారది" అంది. "ఇగ గా రానంటున్న దాన్ని సూపియ్యి."

అంతే, వీధి మొత్తం మా ఇంట్లోకి జొరబడింది. ఒకరి తర్వాత ఒకరు తలలు వంచి దర్వాజ దాటి, నా గోపురాన్ని చూసి, కమ్మిని చూసి, చివరికి నన్ను చూశారు. నన్ను చూడగానే పడే నవ్వు మాత్రం ఎవరూ ఆపుకోలేదు. నేను పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. పారిపోవాలన్నా దారి ఆ దర్వాజే, దాన్నిండా ఆడవాళ్ళు.

"మంచిగ పేర్చినవ్ కొడకా" అంది కమలమ్మత్త. "లోపల్నే పెళ్ళి చేసుకొని లోపల్నే కాపురం పెట్టినట్టున్నది."

"ఎన్ని పాయింట్లు పడ్డయి రా?" అని మా అమ్మ అందరి ముందూ అడిగింది. సొంత తల్లి!

బయట మైదానంలో బతుకమ్మలన్నీ ఒకచోట పెట్టారు. నడిమిట్ల, అన్నిటికన్నా చిన్నది, వంకరది, మా వదినది. ఆమెని వలయంలో కలుపుకున్నారు. పాట ఆమెకి రాదు. చివరి మాట మాత్రం అందుకుని, తన యాసలో, తప్పుగా, గట్టిగా పాడింది. కమలమ్మత్త ఒకసారి ఆ యాసని ఎక్కిరించబోయింది. వదిన వెంటనే కమలమ్మత్త యాసని అంతకన్నా బాగా చేసి చూపించింది. వలయం ఆగిపోయింది, నవ్వలేక. ఆ రోజు నుంచి ఆమె వెనకాల "అండి" అన్నవాళ్ళు లేరు. అన్నా ఎదురుగానే అనేవాళ్ళు, ఆమె కూడా ఎదురుగానే జవాబు చెప్పేది.

ఇక లోపలి గదిలోని అమ్మవారిని ఆ రోజే సాగనంపాలి. అమ్మ దండం పెట్టి, క్షమించమని వేడుకుని, గౌరమ్మని ఎడమచేత్తో పైనుంచి తీసి తన పిండికట్టు మీద పెట్టుకుంది.

"ఇప్పుడు ఇప్పుండ్రి. పేర్చినోళ్ళే ఇప్పాలె. ఒక్క పువ్వు కింద పడొద్దు."

పేర్చడానికి పొద్దంతా పట్టింది. విప్పడానికి అవమానం ఒక్కటే ఎక్కువ పట్టింది. పూలు మోయడానికి ఇంట్లో దొరికింది యూరియా సంచులు. కడిగినవే లెండి. నేనూ యాకూబూ ఆ సంచులు తల మీద పెట్టుకుని, ఆడవాళ్ళందరి వెనక, ఊరేగింపు చివర, చెరువుకి బయల్దేరాం. దారిలో ప్రతి గుమ్మం ముందూ ఒకటే ప్రశ్న.

"పండుగ పూట ఎరువు ఎటు తీస్కపోతున్నర్ రా?"

"ఎరువు గాదు, బతుకమ్మ" అని యాకూబ్ వినయంగా జవాబు చెప్పేవాడు. నేను సంచి ఇంకాస్త ముందుకి లాక్కుని ముఖం కప్పుకునేవాణ్ణి.

చెరువు కట్ట మీదికి చేరేసరికి మా అన్న ఎదురొచ్చాడు. డ్యూటీ అయ్యాక భూపాలపల్లిలో బస్సెక్కి, పండగ అందుకోవాలని సరాసరి అక్కడికే వచ్చాడు. ముందు భార్యని చూశాడు. పళ్ళెం చేతిలో, చుట్టూ వీధి ఆడవాళ్ళు, పెళ్ళయిన ఇన్ని నెలల్లో ఆమె అంతగా నవ్వడం అన్న కూడా చూసి ఉండడు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక వస్తున్న యూరియా సంచుల్ని చూశాడు.

"ఏందిరా గిది?"

"టాప్ స్కోర్ అన్నా" అన్నాడు యాకూబ్.

ఆ డిసెంబరులో గ్రూపులో ఎవడో ఎప్పటిలాగే అడిగాడు, ఈ ఏడాది నీ నంబర్ వన్ ఆట ఏదని. నేను ఏదో రాసేలోపే యాకూబ్ ఒక ఫోటో పెట్టాడు. తల మీద యూరియా సంచితో, నోరు తెరుచుకుని, చెరువు కట్ట ఎక్కుతున్న నేను. పళ్ళెం అన్న చేతికిచ్చి మరీ తీసింది మా వదిన. ఆమె కూడా ఆ గ్రూపులో ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఇప్పుడు వాళ్ళ కాపురం భూపాలపల్లిలో. ఏటా సద్దులకి వదిన వచ్చి మా ఇంటి పెద్ద బతుకమ్మని తనే పేరుస్తుంది, వాకిట్లో, అందరూ చూస్తుండగా. నాకు పళ్ళెం పట్టుకుని నిలబడే ఉద్యోగం ఇచ్చారు. చిన్న బతుకమ్మ మాత్రం ఇప్పటికీ కాస్త వంకరగానే పేరుస్తుంది, కావాలనే. "ఇడ్లీ రెడీ అయ్యిందండి మరిదిగారూ" అంటుంది.

కాబట్టి, పాఠక మహాశయులారా, మా లోపలి గది దర్వాజ కమ్మి మీద కుడిచెయ్యి వేసి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బయటికి తేలేని దాన్ని లోపల కట్టను. ఇంకొకరి పండగ మీద నా గొప్పలు పేర్చను. ఎంత చిన్నదాన్నయినా, ఎంత వంకరదాన్నయినా ఇడ్లీ అనను, అది నిజంగా ఇడ్లీ అయితే తప్ప. ఇక ముందు ఏ ఆటకైనా ర్యాంకు ఇచ్చే ముందు అందులో దర్వాజ ఉందో లేదో చూసుకుంటాను.

ఈ ఏడాది ర్యాంకులు ఇంకా పంపలేదేమిటని గ్రూపులో అడుగుతున్నారు. వెతుకుతూనే ఉన్నాను. దర్వాజ ఉన్న ఆట ఒక్కటీ దొరకలేదు.